గోదావరి పలుకుబడి

చిత్తూరు సీమ నుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. మా స్త్రీల కార్యక్రమములో ఆనపకాయ పులుసు చేయు విధము చెప్పగా విని, ఆమె చాటెడు గింజలు ఒలిచి సిద్ధముగా కూర్చున్నారట. ఆ సీమలో అనపకాయ యనగా ఒక జాతి చిక్కుడు. గోదావరి వారి ఆనపకాయ వారికి సొరకాయ. "చెక్కు తీసి పెద్ద ముక్కలుగా తరుగవలెనని మీరు చెప్పునంతవరకు నాకు అనుమానము రాలేదు. ఇంతకును మీరు రేడియోలో మాటలాడునది ఏ ఊరి తెలుగు?" అని అడిగినారు.

జవాబు వ్రాయుటకు కార్డు తీసికొని ఒక్క వాక్యమైనను సాగక ఆగిపోయినాము. అన్ని ఊళ్ళ తెలుగు అని వ్రాసినచో అది నిజము కాదు. ఏ ఊరిదియు కాదని వ్రాసినచో అదియు నిజము కాదు. రేడియోలోను, పత్రికలలోను, పాఠ్యపుస్తకములలోను మనకు చిరకాలముగా పరిచయమైన తెలుగునకు ఒక పుట్టినిల్లు కలదు. అది కృష్ణా గోదావరుల దిగువ నేల. అందును చదువుకొన్న కుటుంబముల మాట. ఆ మాట అందరి మాటగా ఎట్లు చలామణి అయినదో, దానికి ఆ పెద్దరికము వచ్చిన పిమ్మట అదే నేలమీద పుట్టిన తక్కిన మాటల గతి యేమైనదో చెప్పుకొనవలెనన్న కార్డు చాలదు. అందుచేత ఈ ప్రసంగము.

తెలుగునకు మాండలికములు ఉన్నవని అందరికిని తెలియును. అవి ఎన్ని, వాని ఎల్లలెక్కడ అని ఊరూరు తిరిగి తేల్చిన పని మాత్రము అంత పాతది కాదు. 1957లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఏర్పడిన పిమ్మట, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ఆరంభమైనది. వ్యవసాయ పదముల సంపుటము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను వెలువడినవి. గృహనిర్మాణము, కుమ్మరము, వడ్రంగము మొదలైన వృత్తులకును సంపుటములు వచ్చినవి. పదములు సేకరించినవారు ఈ పనికై కవుల వద్దకు పోలేదు. నాగలి పట్టినవాని వద్దకు, మగ్గము గుంటలో కూర్చున్నవాని వద్దకు పోయినారు. ఆ పదములను పటముపై పరచి చూడగా తెలుగు నేల నాలుగు మండలములుగా తోచినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తూర్పు మండలము. నెల్లూరు, రాయలసీమ దక్షిణ మండలము. తెలంగాణము ఉత్తర మండలము. గుంటూరు, కృష్ణా, ఉభయ గోదావరులు మధ్య మండలము.

ఈ 'మధ్య' అను మాట వలన ఒక పొరపాటు కలుగుచున్నది. నడుమనున్నది గనుక ఇదియే అసలు తెలుగు, అంచులకు పోయినకొలది చెడినది అని చదువుకొన్నవారు సైతము తలచెదరు. నిజము ఇంచుమించు తలక్రిందులు. ఒక్క క్రియను తీసికొనుడు. రాజమహేంద్రవరములో "చేశాను, వచ్చాను" అందురు. శ్రీకాకుళము పల్లెలలో "సేసినాను, వచ్చినాను". కడప, చిత్తూరు పోయినచో మరల "చేసినాను, వచ్చినాను". తెలంగాణములో "చేసిన, వచ్చిన". శ్రీకాకుళము వానికిని, కడప వానికిని నడుమ వందల మైళ్ళ దూరము. ఒకరి నుండి ఒకరు నేర్చికొన్నది కాదు. ఇరువురును ఒకే పాత సొత్తును దాచుకొన్నారు. ఆ 'ఇన' కావ్యభాషలో కనిపించు పాత రూపమే. దానిని మ్రింగి మాటను కుదించి 'చేశాను' అను కొత్త రూపమును వ్యాపింపజేసినది నడుమనున్న నేల. పాతదనమువలన ఈ మాట ప్రమాణము కాలేదు. మారుటలో ఇది ముందున్నది, అంతియే.

శ్రోతలు మమ్ము పట్టుకొనకముందే ఒప్పుకొందుము. ఈ పత్రికకు వ్రాయునపుడు మేము "వ్రాసినారు" అని వ్రాయుచున్నాము; మైకు ముందు కూర్చున్నచో "రాశారు" అందుము. మా కలము కడపలోను, గొంతు కాకినాడలోను ఉన్నవి.

ఇట్లు నడుమ మారుట, అంచున నిలుచుట తెలుగునకే కలిగిన వింత కాదు. హాలండు దేశపు కథ ఒకటి కలదు. ఆ దేశస్థులు మన డెల్టాకు కొత్తవారు కారు. బందరులో వలందపాలెమునకు పేరిచ్చిన వలందావారు వారే. పాలకొల్లు, ద్రాక్షారామము, కాకినాడలోని జగన్నాథపురములందు గిడ్డంగులు పెట్టి నేతబట్టల వర్తకము చేసి, చివరకు 1825లో తమ స్థానములను ఇంగ్లీషువారికి అప్పగించి పోయినారు. వారి భాషలో ఇంటికిని, ఎలుకకును పూర్వము ఒకే అచ్చు పలికెడిది: హూస్, మూస్. సముద్ర వర్తకముతో బలిసిన పడమటి పట్టణములలో ఆ అచ్చు మారినది. మొదట హ్యూస్, మ్యూస్ వలె పలికి, పిమ్మట ఇంకను సాగదీసి నేటి పలుకుబడికి వచ్చినారు. క్లూకె అను పండితుడు 1927లో దీనిని పటములతో వివరించినాడు. తూర్పు అంచున కొన్ని తావులలోను, ఉత్తరమున ఫ్రీజియను భాష మాటలాడు సీమలోను పాత హూస్, మూస్ నిలిచియున్నవి. ఈ రెంటికి నడుమ కొన్ని ఊళ్ళు కలవు. అచటివారు ఇంటిని కొత్త తీరున పలుకుదురు. ఎలుకను మాత్రము పాత తీరుననే పలుకుదురు. ఒకే అచ్చుగల రెండు మాటలకు ఈ భేదమెందులకు? ఇల్లు అను మాట దస్తావేజులలో వచ్చును, కచేరీలో వచ్చును, పట్టణపు వర్తకునితో బేరమాడునపుడు వచ్చును. ఎలుకతో ఆ పట్టణపువానికి పనియేమి? అది వంటింటి మాట. పట్టణపు పలుకుబడి వీధి గుమ్మము దాటి వచ్చినది కాని వంటింటి గడప దాటలేదు.

ఈ ఇంటిని, ఎలుకను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మన డెల్టాలోను అవి కలవు.

ఇక డెల్టా మాటకు పెద్దరికము వచ్చిన తీరు. రాజరాజనరేంద్రుని ఆస్థానమున, 11వ శతాబ్దిలో, నన్నయ భారత రచనకు రాజమహేంద్రవరములో పూనుకొన్నాడు గనుక అని చెప్పుట వాడుక. అది కావ్యభాష సంగతి. పైగా తెలుగు వ్రాతకు మిక్కిలి పాతవైన ఆధారములు గోదావరి గట్టున కాక కడప సీమలో, ఎర్రగుడిపాడు, కలమళ్ళ శాసనములందు దొరికినవి. అవి 6వ శతాబ్ది నాటివి. నేటి ప్రమాణ భాషకు పునాది వేసినది కవులు కారు, ఇంజనీర్లు. 1847లో ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి ఆర్థర్ కాటన్ పూర్తిచేయించినాడు. కాలువలు పారినవి, వరి పండినది, పడవలు నడచినవి. పండిన ఊళ్ళవారు పిల్లలను రాజమహేంద్రవరము, కాకినాడ, బందరు బడులకు పంపినారు. వారు ఉపాధ్యాయులైనారు, వకీళ్ళైనారు; పత్రికలు, నాటకములు, తరువాత సినిమాలు పట్టుకొని మదరాసు చేరినారు. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రము మొదలైనది. అనగా మైకును సైతము తెచ్చి ఆ నేలమీదనే నిలిపినారు.

ఇందులో ఒక విచిత్రము కలదు. వాడుక భాషను గ్రంథములలోనికి ఎక్కించుటకు పోరాడినవారిలో మొదటివారు ఈ డెల్టావారు కారు. 1897లో కన్యాశుల్కమును అచ్చువేసిన గురజాడ అప్పారావు విజయనగరమువారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. లిపి లేని సవరల భాషను ఆయన కొండలెక్కి నేర్చినారు. వ్యాకరణము జనుల నోట నుండునని ఆయనకు అక్కడ తెలిసియుండును. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో విద్యార్థి వ్యాసమును కావ్యభాషలో గాని, వాడుక భాషలో గాని వ్రాయవచ్చునని అనుమతి వచ్చినది. దానిపై చెలరేగిన ప్రతిఘటన వలన ఆ అనుమతి నిలువలేదు. ప్రతిఘటించినవారికి నాయకుడు జయంతి రామయ్య పంతులు, కోనసీమలోని ముక్తేశ్వరములో పుట్టినవారు. 1911లో మదరాసులో స్థాపింపబడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తరువాత కాకినాడకు తరలివచ్చినది. పిఠాపురపు రాజావారి పోషణమున ఆ పరిషత్తు పూనుకొన్న సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. అది కావ్యములలోని మాటలకు పట్టిన పట్టము. రైతు మాటకు అందు చోటు తక్కువ. అందులకై గిడుగువారు దానిపై పెద్ద విమర్శనమునే వ్రాసినారు.

ఇట్లు కలహము గోదావరి గట్టున జరిగినది. గిడుగువారి పక్షమునకు బలము కూడ ఇచటనే దొరికినది. కందుకూరి వీరేశలింగము పంతులు తన జీవితకాలములో అధిక భాగము గ్రాంథికమున వ్రాసినవారు. ప్రహసనములలో మాత్రము పాత్రలకు వారి వారి మాటలనే ఇచ్చినారు. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినపుడు, తన చివరి దినములలో, ఆయన దానికి అధ్యక్షుడుగా ఉండుటకు ఒప్పుకొన్నారు. కార్యదర్శి గిడుగువారు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో కలియగా, గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు కాపురము వచ్చినారు. 1940లో మరణించునాటికి ఆయన వాదము పత్రికలలో చోటు చేసికొనుచున్నది.

గెలిచినది ఆయన వాదము. నిలిచినది ఆయన ఊరి మాట కాదు. ఆయన కోరినది శిష్టుల వ్యావహారికము, అనగా చదువుకొన్న పెద్దమనుష్యులు నిత్యము ఇంట మాటలాడు భాష. ఆ 'శిష్ట' అను విశేషణము చిన్నదే గాని, అది చేసిన పని పెద్దది. కావ్యభాష కోట తలుపు తెరచినపుడు లోనికి వచ్చినది వీధి అరుగుమీద కూర్చున్నవారు మాత్రమే. శ్రీకాకుళపు "సేసినాను" బయటనే నిలిచినది. అంతకన్న వింత, గోదావరి గట్టునే పుట్టిన "ఎల్లానండి", "ఏటండి" బయటనే నిలిచినవి. మా మాటకు పట్టాభిషేకమైనదని డెల్టావారందరును సంతోషింతురు. పొలములో వంగి పనిచేయువానికి ఆ సింహాసనముపై చోటు దొరకలేదని గుర్తించినవారు కొందరే.

అట్లని డెల్టా పల్లె మాట సామాన్యమైనది కాదు. నీటితో బ్రతికిన నేల గనుక నీటిని గూర్చిన మాటలు అచ్చట దట్టముగా పెరిగినవి. కాలువ నుండి పొలమునకు నీరు తెచ్చునది బోదె. నది నడుమ తేలిన నేల లంక. పడవలను ఎత్తు నుండి పల్లమునకు దింపునది లాకు. ఇంగ్లీషు మాటయే అయినను ఆనకట్టతోపాటు వచ్చి ఇచ్చటి మనిషి అయినది. బండ్లు పోవు ఊరి బాట పుంత. కృష్ణ దాటి గుంటూరు పోయినచో అదే డొంక. మొదటి పంట సార్వా, రెండవది దాళ్వా. వరి మొలకను నారు అనరు, ఆకు అందురు. అది పెరుగునది ఆకుమడి, దానిని తీసి నాటుట ఊడ్పు. తెలంగాణములోను, రాయలసీమలోను అదే పని నాట్లు. శ్రీకాకుళము వైపు ఉభాలు. రాయలసీమవారు మడక కట్టి దున్నుదురు, గోదావరివారు నాగలి కట్టి. ఒకరికి రాగులైనవి మరొకరికి చోళ్ళు, ఇంకొకరికి తైదలు. కోనసీమ కొబ్బరి తోటలో చెట్టెక్కి కాయ దించుట దింపు, డొక్క తీయుట ఒలుపు, కాయను పెంకులోనే ఎండనిచ్చినది కురిడీ. ఈ మాటలలో ఒక్కటి పోయినచో దాని బదులు మరొకటి వేయవచ్చునని బల్ల దగ్గర కూర్చున్నవారు తలచెదరు. కురిడీకి బదులు ఎండు కొబ్బరి అని వేసి చూడుడు. వర్తకుడు మరొక సరుకు తూచి ఇచ్చును.

ఇప్పుడు వలందావారి ఇంటిని, ఎలుకను తలచుకొందము. సార్వా, దాళ్వాలకు పై నుండి ఖరీఫు, రబీ అను మాటలు వచ్చినవి. దరఖాస్తు కాగితముపై, బ్యాంకు అప్పు పత్రముపై, రేడియో వ్యవసాయ సూచనలలో అవియే. ఒకే రైతు బ్యాంకులో ఖరీఫు అనును. గట్టుమీద సార్వా అనును. వాని మనుమడు చాలవరకు ఖరీఫుతోనే సరిపెట్టుకొనును. ఆనపకాయకు ఏ కచేరీతోను సంబంధము లేదు. అది వంటింటిలో చలింపక కూర్చున్నది. చిత్తూరు సోదరిని తికమక పెట్టినది ఆ ఎలుకయే. గోదావరి ఇండ్ల ఆడవారి మాటను తన కథలలో నిలిపిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిని చదివినవారికి, మాట నిలుచుటలో వంటింటి బలమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకొనవలసి ఉన్నది. ఇరువది సంవత్సరముల క్రిందటి మాట. మేము కొత్తగా కొలువులో చేరిన దినములు. దాళ్వా సేద్యముపై మాటలాడించుటకు కోనసీమ లంక నుండి ఒక వృద్ధ రైతును పిలిపించినాము. రికార్డింగు గది ఖాళీ లేనందున అరగంట వసారాలో కూర్చుండవలసి వచ్చినది. కాఫీ త్రాగుచు ఆయన ఆకుమడి సంగతి చెప్పినాడు: విత్తనము మండె కట్టుట, నీరు ఎప్పుడు పెట్టవలెను, ఎప్పుడు తీయవలెను, ఆకు ముదిరిన రంగు ఎట్లుండును. మేము కాఫీ చల్లార్చుకొని విన్నాము. గది ఖాళీ అయిన వెంటనే లోనికి తీసికొనిపోయి, మేము ముందే వ్రాసి ఉంచిన కాగితము చేతికిచ్చినాము. అందులో ఆకుమడి నారుమడి అయినది, ఊడ్పులు నాట్లు అయినవి, బోదె పిల్లకాలువ, దాళ్వా రబీ. "అన్ని జిల్లాలవారికీ అర్థం కావాలి కదా, తాతగారూ" అన్నాము. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. అరగంట చెప్పినవాడు నాలుగు నిమిషములలో, తడుముకొనుచు, ముగించినాడు.

ప్రసారమైన కొన్నాళ్ళకు ఆయన మరేదో పనిమీద మా ఊరు వచ్చి, మమ్ము చూచి పోవుటకు వచ్చినాడు. విన్నారా తాతగారూ అని అడిగినాము. "మా ఇంటిది ఇందండి. గొంతు నీదేగానీ మాట నీది కాదు, ఎవర్దో సదివేవు అందండి" అని నవ్వినాడు. నిష్ఠూరము లేదు, ఆయనకు అది వేడుకగానే ఉన్నది. మాకు మాత్రము ఆ నవ్వు నేటికిని జ్ఞాపకము. అన్ని జిల్లాలవారికిని తెలియవలెనని మేము దిద్దిన మాటలు, ఏ పొలమునకు పనికివచ్చునో ఆ పొలములోనే పరాయివైనవి. నారుమడి యనగా తెలియని రైతు డెల్టాలో ఉండడు, అది నిజమే. అయితే ఆకు ముదిరిన రంగు ఎట్లుండునో చెప్పుటకు ఆయనకు కావలసిన మాటలు మా కాగితముపై లేవు. అందుచేత ఆ సంగతియే ప్రసారము కాలేదు.

డెల్టా రైతుకు నవ్వు వచ్చినచోట మరికొందరికి కోపము వచ్చినది, అది సహజము. 1956లో రెండు ప్రాంతములు కలసి ఒక రాష్ట్రమైన పిమ్మట, తెలంగాణపు పిల్లలు బడిలో చదివిన తెలుగు తమ ఇంటి తెలుగు కాదు. అది రెండున్నర జిల్లాల భాషయని అక్కడ వినవచ్చిన ఎత్తిపొడుపు మనకు రుచింపకపోవచ్చును. లెక్క మాత్రము పెద్దగా తప్పు కాదు. సినిమాలలో చిరకాలము తెలంగాణపు యాసను దుష్టపాత్రకో సేవకునికో ఇచ్చినారు. శ్రీకాకుళపు యాసను అమాయకునికి ఇచ్చినారు. కోనసీమ "ఆయ్" నవ్వు పుట్టించుటకే పుట్టినదన్నట్లు వాడినారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. కవి కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని అక్కడ తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. ఇచ్చట గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవము. ఇరువురు పోరాడినది ఇంచుమించు ఒక్క దానికే, నోటి మాటకు గౌరవము కావలెనని. నడుమ పదునొకండు దినములు.

డెల్టా ఇప్పుడును మారుచునే ఉన్నది. 2022లో రెండు గోదావరి జిల్లాలు అయిదైనవి. కోనసీమ పేరిట ఒక జిల్లా ఏర్పడినది. పేరు నిలిచినంత సులభముగా పలుకుబడి నిలువదు. కొబ్బరి దింపువారు తగ్గిన ఊళ్ళలో దింపు అను మాటను వాడవలసిన అవసరమే తగ్గుచున్నది. వరి కోత యంత్రము వచ్చిన పొలములో కొడవలి కోతను గూర్చిన మాటలు తండ్రికి వచ్చును, కొడుకునకు రావు. వీనిని మేము ఆపజాలము. రికార్డింగునకు వచ్చిన రైతు చేతికి కాగితము ఇచ్చుట మాత్రము మేము మానుకొని చాల కాలమైనది. ఆయన మాట ఆయనను చెప్పనిచ్చి, అవసరమైనచో చివర ఒక్క వాక్యములో ఇతర సీమల పేర్లు చెప్పుచున్నాము. వంటల కార్యక్రమమునకు ఈ పద్ధతి ఏలనో అలవాటు చేయలేదు. దాని ఫలితమే చిత్తూరు నుండి వచ్చిన ఉత్తరము.

ఆమెకు జవాబు వ్రాసినాము: ఆనపకాయ యనగా మీ సొరకాయ, మేము మాటలాడునది మొదట గోదావరి గట్టు తెలుగు, ఆ గట్టున ఉన్న అందరిదియు కాదు, ఒలిచిన గింజలు వృథా అయినందులకు మన్నించవలెను. పది దినములలో మరల ఉత్తరము వచ్చినది. గింజలు వృథా కాలేదట. నానబెట్టి, పై తోలు పితికి, పితికిపప్పు చేసినారట. చేయు విధము నాలుగు పుటలలో ఆమె మాటలలోనే వ్రాసి పంపినారు. మా కార్యక్రమమున చదువు అమ్మాయి భీమవరపుది. అందులో అయిదారు మాటలు తనకు తెలియలేదని కలముతో గీతలు గీచి తెచ్చినది. ఉత్తరము వ్రాసిన ఆమెకే ఫోను చేసి అర్థము కనుగొనుమని చెప్పినాము. మాటలు మార్చకుండ వచ్చే నెల మొదటి వారములో చదువుచున్నాము.